తుపాకి శిల్పి జోసెఫ్ మాంటన్ జీవితము

శిల్పమనగానే మన మనస్సునకు దేవాలయ గోపురములును, రాతి విగ్రహములును తోచుట సహజము. కాని మన పెద్దలు శిల్ప శబ్దమును అంత సంకుచితముగా వాడినవారు కారు. విశ్వకర్మకు మనువు, మయుడు, త్వష్ట, శిల్పి, విశ్వజ్ఞుడు అని ఐదుగురు కుమారులనియు, వారికి వరుసగా ఇనుపపని, కొయ్యపని, కంచుపని, రాతిపని, బంగారుపని వృత్తులైనవనియు మనవారి సంప్రదాయము. ఇనుమును కాచి సాగగొట్టువాడును, రాతిలో దేవతను మలచువాడును ఆ లెక్కలో అన్నదమ్ములే.

ఈ ఐదు విద్యలలో మూడింటిని ఒక్క వస్తువులో కూర్చవలసిన పని వేట తుపాకి నిర్మాణము. గొట్టమునకు కమ్మరి, పిడికి వడ్రంగి, చెక్కడమునకు కంసాలి కావలెను. ఆ ముగ్గురి పనియు ఒక్క చేతి పనివలె కనబడినగాని ఆ వస్తువు రాణింపదు. ఆ విద్యను ఇంగ్లండు దేశమున పరాకాష్ఠకు తెచ్చి, శిష్యులనేకులను తీర్చి, తాను మాత్రము దివాలాకోరుగా దినములు వెళ్ళబుచ్చిన మహాశిల్పి జోసెఫ్ మాంటన్. ఆయన చరిత్ర పనినేర్పు గలవారికిని, లెక్కనేర్పు గలవారికిని సమానముగా తెలియదగినది.

జోసెఫ్ మాంటన్ 1766 వ సంవత్సరమున ఇంగ్లండులోని లింకన్‌షైరు మండలమున గ్రాంథమ్ పట్టణమున జన్మించెను. ఆ పట్టణపు పాఠశాలయందే అంతకు వందయేండ్ల క్రిందట ఐజాక్ న్యూటను చదువుకొనెను. జోసెఫ్‌నకు జాన్ అను అన్నగారు కలరు. ఆయన 1752 లో పుట్టినవాడు. తమ్మునికంటె పదునాలుగేండ్లు పెద్ద. ఆయన లండను చేరి జాన్ ట్విగ్ అను పేరుమోసిన తుపాకి పనివాని కార్ఖానాలో మేస్త్రీగా పనిచేసి, 1781 లో డోవర్ వీథి 6 వ నంబరు ఇంట సొంత అంగడి తెరచెను. జోసెఫ్ బాల్యముననే ఈ వృత్తిలో ప్రవేశించి, పిమ్మట అన్నగారి చెంత చేరి చేయి తిప్పుకొనెను. 1789 లో, ఇరువది మూడేండ్ల ప్రాయమున, బర్కిలీ స్క్వేరు దాపున డేవిస్ వీథి 25 వ నంబరు ఇంట తన పేర ప్రత్యేకముగా అంగడి పెట్టెను. అన్నగారు నెమ్మదిగల వర్తకుడు. తమ్ముడు కుదురులేని కల్పకుడు. ఇరువురును సమర్థులే. వారి దారులు ఎట్లు వేరైనవో ముందు చూతము.

ఆ కాలముననే మన హైదరాబాదునందు నిజాము కొలువులో నుండిన ఫ్రెంచి సేనాని రేమండు 1795 లో ఫిరంగుల కార్ఖానాను నెలకొల్పెను. ఆ పేటకు నేటికిని గన్‌ఫౌండ్రీ అనియే పేరు. ఫిరంగిని అచ్చులో పోతపోయుట ఒక విద్య. ఏడెనిమిది పౌనుల బరువులో చేతికి అమరు జోడుగొట్టముల తుపాకిని ఆకురాయితో తీర్చుట మరియొక విద్య. ఈ రెండవ విద్యయే మాంటనుది.

ఆ పని యెట్లు సాగెడిదో కొంచెము వివరింతును. మొదట గొట్టము. మేలైన గొట్టమునకు క్రొత్త ఇనుము పనికిరాదని నాటి కమ్మరుల నమ్మకము. గుర్రపు లాడముల నుండి ఊడిన పాత మేకులను ఏరి తెచ్చెడివారు. రాళ్ళబాటలపై నలిగిన ఆ మేకులు మిక్కిలి గట్టిపడియుండునని వారి తలంపు. వానిని పీపాలో దొర్లించి, త్రుప్పును మురికిని పోగొట్టి, కొలిమిలో కాచి ఒక్క ముద్దగా అతికి, పట్టీగా సాగగొట్టుదురు. ఆ పట్టీని ఇనుపకడ్డీ చుట్టును, మన ముసలివారు తలపాగా చుట్టినట్లు, వరుస తప్పక చుట్టి, ఎఱ్ఱగా కాచి, సమ్మెట దెబ్బలతో అతుకు తెలియకుండ ఒక్కటి చేయుదురు. ఇట్లు చుట్టుటచేత ఇనుపపోగులు గొట్టము చుట్టును అడ్డముగా నడచి, మందు ప్రేలునప్పటి ఒత్తిడిని తట్టుకొనును. నిలువుగా అతికిన గొట్టము ఆ అతుకు వెంబడి చీలు భయము కలదు.

అటుపై గొట్టమును లోపల తొలిచి నునుపు చేయవలెను. వంకర ఉన్నదా లేదా అని తెలిసికొనుటకు యంత్రము లేదు. పనివాడు గొట్టమును కంటికి ఎత్తి వెలుతురు వైపు చూచును. లోపల పడిన నీడగీత తిన్నగా నున్నచో గొట్టము తిన్ననిది. ఆ గీత ఎక్కడ విరిగినదో అక్కడ ఒక చిన్న సుత్తిదెబ్బ. ఆ దెబ్బ ఎంత బలముగా వేయవలెనో ఏ గ్రంథమునను వ్రాయబడలేదు. కన్ను చెప్పును, చేయి వినును. పిదప ఇట్టివి రెండు ప్రక్కప్రక్కన చేర్చి, నడుమ సన్నని పట్టీ నిలిపి, రెంటి గురియు ఒక్కచోటికే పోవునట్లు అతుకుదురు. ఇంతయు అయిన పిమ్మట ఎక్కువ మందు దట్టించి ప్రేల్చి పరీక్షింతురు. ఆ పరీక్షకు లండనులో 1637 లో రాజశాసనము పొందిన తుపాకి పనివారి సంఘము అధికారము వహించెను. పరీక్షకు నిలిచిన గొట్టమునకే ముద్ర. నిలువనిది మరల కొలిమి పాలు.

రెండవది మర. గుర్రము అని మనవారు పిలుచు భాగము నోట చెకుముకిరాయి పట్టియుండును. మీట నొక్కగానే గుర్రము ముందునకు దూకి ఉక్కుపలకను రాయును. రవ్వలు రాలి గిన్నెలోని రంజకము అంటుకొనును. ఆ మంట చిన్న రంధ్రము గుండ లోపలికి పోయి అసలు మందును ప్రేల్చును. ఇందలి ప్రతి కమాను, ప్రతి కొక్కెము ఆకురాయితో తీర్చినవే. ఇది చెప్పినంత సేపు జరుగునది కాదు; అయినను ఎగురు పక్షికి ఆ లేశకాలమే చాలును. కావున వేటగాడు పక్షికి ముందుగా గురిపెట్టి, ప్రేలుడు ముగియువరకు చేయి కదలకుండ నిలుపవలసి యుండెను. మర యెంత చురుకైనచో గురి అంత నమ్మదగినది. మాంటను అంగడి మరలు చురుకుదనమునకు పేరుపొందినవి.

మూడవది పిడి. ఏండ్ల తరబడి ఆరబెట్టిన అక్రోటు కొయ్యను ఎన్నుకొని, మరయు గొట్టమును అందులో పొదుగుదురు. ఇనుపముక్కకు దీపపు మసి పట్టించి కొయ్యపై నానింతురు. మసి అంటినచోట కొయ్య ఎత్తుగా నున్నదని గుర్తు. అక్కడ గోరంత గీకి, మరల ఆనించి, మరల గీకి, మసి అంతటను సమముగా అంటువరకు ఈ తపస్సు సాగును. పని ముగిసిన పిమ్మట కొయ్యకును ఇనుమునకును నడుమ వెండ్రుక దూరదు. కొన్నవాని చేతి పొడవు, మెడ పొడవు, భుజము తీరు చూచి పిడికి వంపును, ప్రక్కవాటును ఏర్పరతురు. దర్జీ చొక్కా కుట్టినట్లే తుపాకియు ఒక్కనికొఱకే తయారగును. అవిసెనూనెను అరచేతితో రుద్ది రుద్ది కొయ్యకు మెఱుగు తెత్తురు. గొట్టమునకు కావలెనని త్రుప్పు పట్టించి, ఆ త్రుప్పును తుడిచి, మరల పట్టించి, కపిలవర్ణము రప్పింతురు. అప్పుడు లాడపు మేకుల ఇనుము తన చుట్లను, సుడులను నీటి అలలవలె పైకి చూపును.

ఒక్కొక్క పనికి ఒక్కొక్క పనివాడు. గొట్టము చేయువాడు మరను ముట్టడు. మర చేయువాడు కొయ్యను ముట్టడు. అందరి పనిని ఒక్క రూపమునకు తెచ్చు కన్ను యజమానిది. మాంటను గొప్పతనమంతయు ఆ కంటిలో ఉన్నది. ఆయన తన తుపాకులపై వెండిబంగారముల ఆడంబరమును కుప్పవేయలేదు. గీతల శుద్ధి, బరువు పంపకము, చేతికి వచ్చిన వెంటనే గురికి చేరు గుణము, ఇవియే ఆయన చూచినవి. రూపమునుండి అనవసరమైన దానిని తీసివేయుటయే అలంకారమని ఆయన ఎఱిగెను. మంచి పద్యమునకు వ్యర్థపదము లేకుండుట యెట్టిదో, మాంటను తుపాకికి వ్యర్థరేఖ లేకుండుట అట్టిది.

ఆయనకు పూర్వము 1787 లో హెన్రీ నాక్ అను పనివాడు గొట్టపు మొదటి భాగమును క్రొత్తరీతిగా అమర్చి, మందు త్వరగా కాలునట్లు చేసియుండెను. దానివలన పొడవైన గొట్టముల అవసరము తగ్గి, తేలికైన జోడుగొట్టముల తుపాకికి దారి ఏర్పడెను. ఆ దారిని రాజమార్గముగ చేసినవాడు మాంటను. 1792 మొదలుకొని ఆయన పేటెంటు హక్కులు వరుసగా సంపాదించెను. 1806 లో పొందినది ముఖ్యమైనది. జోడుగొట్టముల నడిమి పట్టీని వెనుకభాగమున కొంచెము ఎత్తుగా నిలిపెను. పైకెగురు పక్షికి సాధారణముగా దెబ్బ క్రిందుగా పోవును. ఎత్తైన పట్టీ వెంబడి చూచిన వేటగాడు తనకు తెలియకయే గొట్టపు కొనను రవంత పైకెత్తును. దెబ్బ తగులవలసిన చోట తగులును. మనుష్యుని పొరపాటును వస్తువు రూపమే సవరించునట్లు చేసిన ఈ యుక్తి ఎంత సూక్ష్మమైనది! ఒక గొట్టమున మందు దట్టించునప్పుడు రెండవది పొరపాటున ప్రేలకుండ, బరువుచేత తనంతట పడి గుర్రమును ఆపు అడ్డుమీటనుగూడ ఆయన కల్పించెను.

ఆయన కీర్తి దేశమంతట వ్యాపించెను. డేవిస్ వీథిలోని ఆయన గురిశాలకు ప్రభువులు, యువకులు వచ్చి అభ్యాసము చేసెడివారు. కవి బైరన్ ప్రభువు అందొకడు. 1809 లో స్పెయిను దేశపు టలవేరా యుద్ధమున గాయపడిన కర్నల్ పీటర్ హాకర్ అను సైనికోద్యోగి మాంటనునకు పరమాభిమాని. ఆయన 1814 లో యువ వేటగాండ్ర కొఱకు ఒక ఉపదేశ గ్రంథము వ్రాసి అచ్చొత్తించెను. అది పలుమారులు ముద్రణ పొంది, మాంటను పేరును చదువరుల ఇండ్లకు చేర్చెను.

ఇంతటి కీర్తి గలవానికి కష్టము ఎక్కడనుండి వచ్చెను? ఆయన బుద్ధినుండియే వచ్చెను. వేట తుపాకులతో తృప్తి చెందక ఆయన ఫిరంగులపై దృష్టి నిలిపెను. గొట్టమున మెలితిరిగిన గాళ్ళు తీసి, గుండు అడుగున కొయ్యగిన్నె అమర్చి, గుండు గొట్టమును బిగువుగా పట్టి తిరుగుచు పోవు పద్ధతిని కనుగొనెను. ఆయుధశాఖవారితో ఆ విషయమై సంప్రదింపులు సాగెను. ప్రతిఫలము విషయమున ఉభయులకు పొత్తు కుదురలేదు. వివాదము ఏండ్ల తరబడి నడచి, ఆయన కాలమును ధనమును హరించెను. అంగడి సంపాదన ఒక ప్రక్కనుండి వచ్చుచుండగా, వ్యాజ్యపు ఖర్చు మరియొక ప్రక్కనుండి పోవుచుండెను.

రెండవ దెబ్బ ఇంతకంటె పెద్దది. స్కాట్లండున బెల్‌హెల్వీ గ్రామమున అలెగ్జాండర్ ఫార్సైత్ అను క్రైస్తవ మతాచార్యుడు ఉండెను. గిన్నెలో రంజకము మెరయగానే నీటిపక్షులు మునిగి తప్పించుకొనుట ఆయన గమనించెను. దెబ్బ తగిలినంతనే ప్రేలు రసాయనపు పొడిని రంజకమునకు మారుగా వాడి క్రొత్త మరను కల్పించి, 1807 లో పదునాలుగేండ్లకు పేటెంటు హక్కు పొందెను. చెకుముకిరాయి యుగము ఆ దినముననే ముగియనారంభించెను. చెకుముకి మరను పరిపూర్ణము చేసిన మాంటను ఈ మార్పును చూచి చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. 1816 లో ఆ పొడిని చిన్న గుళికగా వాడు మరకును, 1818 లో సన్నని రాగిగొట్టమున నింపి వాడు మరకును హక్కులు పొందెను. కాని పొడిని దెబ్బతో ప్రేల్చుట అను మూలతత్త్వమే ఫార్సైత్ సొత్తు. దావా నడచెను. తీర్పు మాంటనునకు ప్రతికూలమయ్యెను. అన్యుని పొలములో ఎంత చక్కని బావి త్రవ్వినను ఆ నీరు తనది కాదు.

ఇంతలో ఆయన ఆక్స్‌ఫర్డు వీథిలోని విశాలమైన అంగడికి మారెను. మేలైన పనివారికి మేలైన కూలి, విశాలమైన ఇంటికి విశాలమైన అద్దె, న్యాయస్థానపు వ్యయము, ఫలింపని ప్రయోగముల వ్యయము, అన్నియు కూడి 1826 లో ఆయన దివాలా తీసెను. తుపాకుల ధర అందరికంటె హెచ్చు, కొనువారు ప్రభువులు, అయినను పెట్టె నిండలేదు. చిట్టా ఆవర్జాలతో జీవితము గడపిన నావంటివానికి ఇందు ఒక సంగతి స్పష్టముగా కనబడును. ఆయన ప్రతి ఇనుపముక్కను మసి పట్టించి పరీక్షించెను గాని, తన జమాఖర్చును ఒక్కనాడును అట్లు పరీక్షించినట్లు లేదు. అన్న జాన్ మాంటను అంత కల్పకుడు కాడు. కాని తన అంగడిని చక్కగా నిలుపుకొని, 1834 లో మరణించునాటికి కుమారునకు అప్పగింపగలిగెను. నేర్పు వేరు, నిర్వాహము వేరు. రెండును ఒక్కచోట ఉండుట అరుదు. నేర్పు గలవానికి నిర్వాహకుని తోడు కలుగజేయుట లోకము చేయవలసిన పని.

అయినను ఆయన ఆవర్జాలో అప్పు ప్రక్క మాత్రమే చూచి పుస్తకము మూయరాదు. జమ ప్రక్క ఆయన శిష్యులు కలరు. జేమ్స్ పర్డీ 1784 లో పుట్టి, యౌవనమున మాంటను అంగడిలో పిడులు చేసి, పిమ్మట ఫార్సైత్ చెంతను పనిచేసి, 1814 లో సొంత అంగడి పెట్టెను. విధి విలాసమేమన, 1826 లో గురువు ఖాళీచేసిన ఆక్స్‌ఫర్డు వీథి అంగడిలోనికి ఈ శిష్యుడే ప్రవేశించెను. గురువు లేకున్నచో తామందరును సామాన్యపు కమ్మరులుగా మిగిలియుండెడివారమని పర్డీ తలచెడివాడట. గొట్టముల పనిలో మేటియైన చార్లెస్ లాంకాస్టరు ఆ సంవత్సరముననే తన పేర అంగడి తెరచెను. థామస్ బాస్ తండ్రియు మాంటను కార్ఖానా పనివాడే. కుమారుడు తరువాత లండనులో ప్రఖ్యాతుడయ్యెను. జోసెఫ్ లాంగ్ అను వర్తకుడు మాంటను మిగిల్చిన సరకును కొనెను. ఇంగ్లండులో మేలైన తుపాకి అను మాట పుట్టినచోటనెల్ల వెదకిన, ఏదో ఒక వేరు మాంటను కార్ఖానా వరకు పోవును. ద్రోణుని శిష్యులు రెండు పక్షములైనను విద్య ఒక్కటే అయినట్లు, వీరు పోటీదారులైనను వీరి చేతులలో నుండినది ఒక్కని కన్ను.

దివాలా తరువాత ఆయన వృత్తిని విడువలేదు. చిన్న చిన్న చోటులలో, కుమారుల తోడ్పాటుతో, పూర్వపు శ్రద్ధతోనే పనిచేసెను. 1835 జూను 29 వ తేదీన, అరువది తొమ్మిదవ యేట, పరమపదించెను. లండనులోని కెన్సల్ గ్రీన్ శ్మశానవాటికయందు ఆయన సమాధి కలదు. దానిపై స్మృతిలేఖను రచించినవాడు ఆయన అభిమాని కర్నల్ హాకరే. ధనికులైన ప్రభువులనేకులు ఆయన తుపాకులు వాడిరి. సమాధి రాతికి మాటలు కూర్చినవాడు పుస్తకము వ్రాసిన ఆ ఒక్కడు.

ఆయన గతించిన పిమ్మట వెనుక ప్రక్కనుండి తూటా నింపు తుపాకులు ఫ్రాన్సునుండి వచ్చి, 1851 లండను మహాప్రదర్శనము తరువాత ఇంగ్లండునను వ్యాపించెను. 1880 లో ఫ్రెడరిక్ బీస్లీ కల్పించిన మర పర్డీ అంగడికి దక్కెను. మరలు మారినవి; ఎత్తైన పట్టీ, తూకము, మసితో కొయ్య పొదుగుట, కంటితో గొట్టము చూచుట మారలేదు. పర్డీ పేర అంగడి నేటికిని లండనులో ఉన్నది.

మాంటను నామము మన దేశమునకును వచ్చెను. ఆ వంశీకుడైన ఫ్రెడరిక్ మాంటను 1825 ప్రాంతమున కలకత్తాలో తుపాకుల అంగడి స్థాపించెను. ఆ పేర ఆ వ్యాపారము అక్కడ చిరకాలము సాగెను. అంతకంటె గాఢమైన సంబంధము మరియొకటి కలదు. గొట్టముపై తేలు అలలకు ఐరోపావారు పెట్టిన పేరు డమాస్కసు. అది ఖడ్గములనుండి వచ్చిన పేరు. ఆ ఖడ్గములకు మూలము మూసలో కరగించి చేసిన మన దక్షిణదేశపు ఉక్కు. నేటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున ఆ ఉక్కు తయారగుచుండెననియు, దానికై పారశీక వర్తకులు అంతదూరము వచ్చెడివారనియు, వాయిసీ అను ఆంగ్ల వైద్యుడు చూచి వ్రాసెను. అది 1832 లో ప్రకటితమయ్యెను. ఐరోపావారి గొట్టము లాడపు మేకులను మెలిపెట్టి చేసినది; మన ఉక్కు మూసలో తనంతట అలలు పొందినది. పద్ధతులు వేరు, పేరొక్కటి. అయితే ఇంకొక భేదము మనస్సును కలచును. మాంటను పనివారిలో పిడి చేసినవాని పేరు, గొట్టము చేసినవాని పేరు మనకు తెలియును. కోనసముద్రపు కమ్మరులలో ఒక్కని పేరైనను మనకు తెలియదు. వారి కొలిమి చల్లారినది. వారి చేతిలోని రహస్యము వారితోనే పోయినది. వారి నేర్పు మాంటను నేర్పునకు తీసిపోయినది కాదు. వారికి హాకరు వంటివాడు లభింపలేదు.

జీవహింసకు పనిముట్టు చేసినవానిని ఇంతగా పొగడుట తగునా అని కొందరు సాధువులు అడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనది. మన ప్రబంధకవులు మృగయావినోదమును వర్ణించిరి. దశరథుని బాణము మునికుమారుని ఎట్లు కూల్చినదో మన ఆదికవియే చెప్పెను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముతో మన దేశమున వేట వినోదముగా ముగిసినది, అది మేలే. కాని మాంస విక్రయము వృత్తిగా గల ధర్మవ్యాధుని యొద్దకు బ్రాహ్మణుడు ధర్మము నేర్చుకొన బోయిన కథ భారతమున నున్నది. వస్తువు ప్రయోజనమును విమర్శించుచునే చేసినవాని శ్రద్ధకు నమస్కరింపవచ్చును. ఆ శ్రద్ధ నాగలికైనను, మగ్గమునకైనను, వీణకైనను ఒక్కటే.

మన గ్రంథాలయము ఇరువది ఐదు వత్సరములు నిండించుకొన్న ఈ శుభసమయమున చదువరులకు ఒక్క మనవి. మన గ్రామమునను, చుట్టుప్రక్కలను, ఇంకను చేతిపని ఎఱిగిన వృద్ధులు కలరు. బండిచక్రమునకు ఇనుపపట్టా ఎక్కించినవారు, మగ్గమునకు ఆసు పోసినవారు, కొలిమిలో రంగు చూచి కొడవలికి పదును పెట్టినవారు కలరు. వారి యొద్దకు పోయి, వారి పేరు, వారి గురువు పేరు, వారి పని తీరు వ్రాసి తెచ్చి ఈ గ్రంథాలయ బీరువాలో భద్రపరుపుడు. మాంటను ఐశ్వర్యము పోయినను పేరు నిలిచినది, వ్రాసినవాడు ఉండుటచేతనే. మనవారికి ఐశ్వర్యము ఎటులను లేదు. పేరైనను నిలుపుట మన చేతిలోని పని.